లైంగిక హింస: చేసినవాణ్ణి అడగని ప్రశ్న

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో హింసకు సంబంధించిన ప్రశ్నలు అడిగేటప్పుడు ఇంటికి ఒక్క మహిళనే ఎంచుకుంటారు. మరెవరూ వినడం లేదని నిర్ధారించుకున్న తరువాతే ఆ భాగం మొదలుపెట్టాలి, మధ్యలో ఎవరైనా వస్తే ఆపేయాలి. ఇంత జాగ్రత్త తీసుకున్నారు కాబట్టే, 2019-21 నాటి ఐదో సర్వేలో 18 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో 6 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు లైంగిక హింసకు గురయ్యామని చెప్పగలిగారు. వారిలో పెళ్ళయినవారిని ఎవరు చేశారని అడిగితే 82 శాతం మంది ప్రస్తుత భర్త పేరే చెప్పారు. అదే సర్వేలో పురుషులకూ ఒక ప్రశ్నపత్రం ఉంది. భార్యను కొట్టడం ఏయే సందర్భాల్లో సమంజసమో అందులో అడుగుతారు. ఏదో ఒక సందర్భంలో సమంజసమేనని తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 66 శాతం మంది పురుషులు జవాబిచ్చారు. భార్య వద్దన్నప్పుడు బలవంతం చేసే హక్కు భర్తకు ఉందా అని కూడా అడుగుతారు. మీరు ఎప్పుడైనా అలా చేశారా అని మాత్రం అడగరు.

లైంగిక హింస గురించి మనం మాట్లాడుకునే తీరంతా ఈ లోటులో కనిపిస్తుంది. ఒక ఘటన బయటపడగానే చర్చ రెండు కొసలకు పరుగెడుతుంది. ఒక కొసన అమ్మాయి ఉంటుంది: ఆ వేళప్పుడు ఎందుకు వెళ్ళింది, ఎవరితో వెళ్ళింది, ఇంట్లో ఎందుకు చెప్పలేదు. ఇంకో కొసన ఉరికంబం ఉంటుంది. ఈ రెండింటి నడుమ ఉన్న మనిషి, అంటే ఆ పని చేసినవాడు, మొదటిసారి ఏ వయసులో అలా చేశాడు, ఎక్కడ చేశాడు, తెలిసి ఊరుకున్నవారు ఎవరు, అప్పటికి ఏ బడిలో ఏ తరగతి చదువుతున్నాడు అన్న ప్రశ్నలకు చోటు దొరకదు. లైంగిక హింసకు పాల్పడేవారిని ప్రజారోగ్య సమస్యగా చూడాలని వాదించేవారు ఈ ప్రశ్నలనే ముందుకు తెస్తున్నారు. ఈ వాదన తేలిగ్గా అపార్థమయ్యేది, కొన్నిచోట్ల నిజంగానే బలహీనమైనది కూడా. అందుకే దీన్ని కాస్త విడమరిచి చూడాలి.

హింస ప్రజారోగ్య సమస్య అని ప్రపంచ ఆరోగ్య మహాసభ 1996లో తీర్మానించింది. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ హింసపై వెలువరించిన తొలి ప్రపంచ నివేదికలో లైంగిక హింసకు ఒక అధ్యాయమే ఉంది. ప్రపంచంలో 15 ఏళ్ళు దాటిన స్త్రీలలో దాదాపు మూడింట ఒకరు, అంటే సుమారు 73.6 కోట్ల మంది, భాగస్వామి చేతిలో శారీరక హింసకో లైంగిక హింసకో, లేదా ఇతరుల చేతిలో లైంగిక హింసకో గురయ్యారని ఆ సంస్థ 2021లో అంచనా కట్టింది. గాయాలు, అవాంఛిత గర్భం, హెచ్‌ఐవీ, కుంగుబాటు, ఆత్మహత్యా ప్రయత్నాలు దీని వెంట వస్తాయి కనుక ఇది ఆరోగ్యశాఖ పని అన్నదానిపై ఇప్పుడు పెద్దగా వివాదం లేదు. మన దేశంలో 2013 చట్ట సవరణ బాధితులకు ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నీ ఉచితంగా ప్రథమ చికిత్స, వైద్యం అందించాలని నిర్దేశించింది. ఆ మరుసటి ఏడాది కేంద్ర ఆరోగ్య శాఖ పరీక్షలకు, చికిత్సకు మార్గదర్శకాలు ఇచ్చింది. గాయపడిన మనిషి వైపు నుంచి ఆరోగ్య వ్యవస్థ ఈ విషయంలోకి అడుగుపెట్టింది. గాయపరిచిన మనిషిని మాత్రం పూర్తిగా పోలీసులకు, కోర్టులకు వదిలేసింది.

ఆ మనిషిని ఆరోగ్య కోణంలో చూడాలి అనగానే వచ్చే మొదటి అభ్యంతరం అందరికీ తెలిసిందే: నేరస్థుణ్ణి రోగిని చేస్తారా, పాపం జబ్బు మనిషి అని వదిలేస్తారా? ప్రజారోగ్యాన్నీ వైద్యాన్నీ ఒకటిగా చూడడం వల్ల వచ్చే అభ్యంతరం ఇది. రోడ్డు ప్రమాదాలను ప్రజారోగ్య సమస్యగా చూసేవారు తాగి బండి నడిపినవాణ్ణి రోగి అనరు, జైలు వద్దనీ అనరు. ఏ మలుపులో ఎక్కువ మంది చనిపోతున్నారు, ఏ వేళలో, ఏ వయసువారు, హెల్మెట్ తప్పనిసరి చేసిన చోట మరణాలు తగ్గాయా అని లెక్క తీస్తారు. లైంగిక హింస విషయంలోనూ జరగాల్సింది అదే. ఎంతమంది చేస్తున్నారు, ఏ పరిస్థితులు వారిని అటు నెడుతున్నాయి, ఏ ప్రయత్నం వల్ల ఆ సంఖ్య తగ్గుతోంది అన్నవాటికి సాక్ష్యం కావాలి. శిక్ష శిక్షే. పైగా, ఇప్పటివరకు జరిగిన అధ్యయనాలు చేసినవారిని మానసిక రోగులుగా చూపించడం లేదు. అవి చూపిస్తున్నది అంతకంటే ఇబ్బందికరమైన సంగతి.

మగవాళ్ళను అడిగితే ఏం చెప్పారు

చేసినవాణ్ణి అడిగితే చెబుతాడా అన్న సందేహం సహజమే. చెబుతాడు, అడిగే పద్ధతిలో అడిగితే. అమెరికాలో 32 కళాశాలల్లోని 6,159 మంది విద్యార్థులతో మేరీ కాస్ బృందం చేసిన సర్వే 1987లో వెలువడింది. ప్రశ్నల్లో అత్యాచారం అన్న మాట వాడకుండా, ఏం చేశారో మాత్రం అడిగారు. చట్టప్రకారం అత్యాచారం లేదా అత్యాచార యత్నం కిందికి వచ్చే పని చేశామని అబ్బాయిల్లో 13 మందికి ఒకరు చొప్పున చెప్పారు. వారిలో అత్యధికులు తాము చేసింది అత్యాచారం అనుకోలేదు. మాట తీసేసి పని గురించి అడగడమే ఆ తరువాతి అధ్యయనాలన్నిటికీ పునాది అయింది.

దక్షిణాఫ్రికాలో రేచెల్ జ్యూక్స్ బృందం రెండు రాష్ట్రాల్లో 1,738 మంది పురుషులను అడిగితే 27.6 శాతం మంది బలవంతంగా ఒక స్త్రీతో లేదా బాలికతో సంభోగించామని చెప్పారు. ఆ ఫలితాలు 2009లో వచ్చాయి. తరువాత అదే పద్ధతి ఆసియాకు వచ్చింది. బంగ్లాదేశ్, శ్రీలంక, చైనా, కంబోడియా, ఇండోనేషియా, పపువా న్యూ గినియాలలో 10,000 మందికి పైగా పురుషులతో ఐక్యరాజ్యసమితి సంస్థలు చేయించిన ఈ అధ్యయనం 2013లో వెలువడింది. సున్నితమైన భాగం వచ్చేసరికి ఇంటర్వ్యూయర్ పక్కకు తప్పుకుంటాడు. జవాబిచ్చే మనిషి చేతిలో చిన్న పరికరం, చెవుల్లో హెడ్‌ఫోన్లు ఉంటాయి. రికార్డు చేసిన గొంతు ప్రశ్న చదువుతుంది, అతను మీట నొక్కుతాడు. అతను ఏం నొక్కాడో ఎదుట ఉన్నవారికి తెలియదు. ప్రశ్న కూడా సూటిగానే ఉంటుంది: మీ భార్య, ప్రియురాలు కాని స్త్రీని ఎప్పుడైనా బలవంతం చేసి సంభోగించారా? తాగిన మత్తులో ఉండి సమ్మతి చెప్పలేని స్థితిలో ఉన్న స్త్రీతో సంభోగించారా? భార్య విషయంలో వేరే ప్రశ్నలు ఉన్నాయి.

భార్య లేదా భాగస్వామిని కలుపుకుంటే దాదాపు నాలుగో వంతు మంది, ఇతర స్త్రీల విషయంలో అయితే 11 శాతం మంది, ఎప్పుడో ఒకప్పుడు చేశామని మీట నొక్కారు. ఇంతకంటే విలువైన సమాచారం ప్రాంతాల మధ్య తేడాలో ఉంది. బంగ్లాదేశ్‌లో సర్వే చేసిన పట్టణ ప్రాంతంలో పదో వంతు ఉంటే, ఏళ్ళ తరబడి అంతర్యుద్ధం చూసిన పపువా న్యూ గినియాలోని బోగన్‌విల్ దీవిలో అది 60 శాతం దాటింది. ఇది మగవాడి స్వభావమే అయితే ఒక చోటికీ ఇంకో చోటికీ ఆరు రెట్ల తేడా ఎక్కడి నుంచి వస్తుంది? తగ్గించగలిగేది ఏదో ఉందని చెప్పే బలమైన ఆధారం నా దృష్టిలో ఈ తేడానే.

ఎందుకు చేశారన్న ప్రశ్నకు వచ్చిన జవాబులూ గమనించదగినవి. భాగస్వామి కాని స్త్రీపై అఘాయిత్యం చేసినవారిలో 73 శాతం మంది, కావాలనిపించింది కాబట్టి తీసుకున్నాం అన్న అర్థం వచ్చే కారణాలు ఎంచుకున్నారు. స్త్రీ ఇష్టంతో పనిలేకుండా ఆమె శరీరం మీద తమకు హక్కు ఉందన్న భావన అది. సరదాకో, ఏమీ తోచకో చేశామన్నవారు 59 శాతం. కోపంతో, బుద్ధి చెప్పడానికి చేశామన్నవారు 38 శాతం. మద్యాన్ని కారణంగా చూపినవారు 27 శాతమే. తాగి ఉన్నాడు, ఏం చేస్తున్నాడో తెలియలేదు అన్న సమర్థన మన ఊళ్ళలో పెద్దమనుషుల పంచాయితీల్లో ఎంత తరచుగా వినిపిస్తుందో తెలిసినవారికి ఈ వరుస ఆశ్చర్యం కలిగిస్తుంది. మద్యం ప్రమాదాన్ని పెంచుతుందన్నది నిజమే. కానీ తాము చేయగలం, చేసినా ఏమీ కాదు అన్న ధీమా మద్యం కంటే ముందే ఉంది.

చేసినవారిలో సగానికి పైగా మొదటిసారి చేసింది ఇరవై ఏళ్ళ లోపే. జైలు దాకా వెళ్ళినవారు నాలుగో వంతు కూడా లేరు. బాల్యంలో తామే లైంగిక దాడికి గురికావడం, ఇంట్లో తల్లిని కొట్టడం చూస్తూ పెరగడం, స్నేహబృందంలో మగతనం అంటే ఎంతమందిని లొంగదీశామన్న లెక్కే కావడం, ఇతరుల బాధ పట్టకపోవడం వంటివి ఈ పనితో ముడిపడి కనిపించాయి. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. బాల్యంలో దాడికి గురైనవారిలో అత్యధికులు పెద్దయ్యాక ఎవరికీ హాని చేయరు. ఈ ముడిని తిరగేసి చదివి, బాధితుణ్ణి రేపటి నేరస్థుడిగా అనుమానించడం రెండో అన్యాయం.

ఈ ఆరు దేశాల్లో భారత్ లేదు. అయితే 2011లో వెలువడిన మరో అంతర్జాతీయ సర్వేకు మన దేశంలో ఎంచుకున్న రెండు నగరాల్లో ఒకటి ఢిల్లీ, రెండోది విజయవాడ. ఆ సర్వేలో భారత పురుషుల్లో దాదాపు నాలుగో వంతు మంది ఏదో ఒక రూపంలో లైంగిక హింసకు పాల్పడ్డామని చెప్పారు. బెజవాడ మగవాళ్ళను కూర్చోబెట్టి ఈ ప్రశ్న అడిగారనీ, జవాబు వచ్చిందనీ తెలుగునాట ఎంతమందికి తెలుసో అనుమానమే. భార్య విషయంలో అయితే మన దగ్గర ఈ ప్రశ్న అడగడానికి చట్టపరమైన చిక్కు కూడా లేదు. భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్ 18 ఏళ్ళు నిండిన భార్యపై భర్త చేసే బలవంతాన్ని అత్యాచారం నిర్వచనం నుంచి మినహాయించింది. ఆ మినహాయింపు తీసేయాలని 2013లో జస్టిస్ జె.ఎస్. వర్మ కమిటీ సిఫార్సు చేసింది. 2022 మే నెలలో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనంలోని ఇద్దరు న్యాయమూర్తులు దీనిపై భిన్నమైన తీర్పులు ఇచ్చారు. బాధిత మహిళలు ఎక్కువగా వేలెత్తి చూపుతున్న మనిషి చట్టం దృష్టిలో ఆ నేరం చేసినవాడే కాడు.

కొందరా, ఎందరో?

పరిశోధకుల్లో తెగని తగవు ఒకటి ఉంది, దాని ప్రభావం విధానాలపై నేరుగా పడుతుంది. 2002లో డేవిడ్ లిసాక్, పాల్ మిల్లర్ ఒక అమెరికన్ విశ్వవిద్యాలయంలో 1,882 మంది పురుషులను అడిగితే 120 మంది చేశామన్నారు, ఆ 120 మందిలో 76 మంది మళ్ళీ మళ్ళీ చేసినవారు. వేటగాళ్ళ వంటి కొద్దిమందే ఎక్కువ నేరాలు చేస్తున్నారు, వాళ్ళను పట్టుకుంటే చాలు అన్న అభిప్రాయం దీనితో బలపడింది. 2015లో కెవిన్ స్వార్టౌట్ బృందం విద్యార్థులను ఏళ్ళ తరబడి వెంబడించి చూస్తే కళాశాలలో ఉండగా అత్యాచారం చేసినవారిలో ఐదుగురికి నలుగురు ఆ వేటగాడి నమూనాలో ఇమడలేదు. ఒక దశలో చేసి, తరువాత మానేసినవారు, కళాశాలలోనే మొదలుపెట్టినవారు ఎక్కువ.

మొదటి వాదనే పూర్తిగా నిజమైతే నిఘా, జాబితాలు, దీర్ఘకాల జైలు సరిపోతాయి. రెండోది నిజమైతే, ఎప్పటికీ ఏ జాబితాలోకీ ఎక్కని మామూలు అబ్బాయిల మీద పని చేయాలి. న్యూయార్క్ రాష్ట్రంలో 20 ఏళ్ళకు పైబడిన అరెస్టుల రికార్డులు పరిశీలించిన అధ్యయనం 2008లో వచ్చింది. లైంగిక నేరాలకు అరెస్టయినవారిలో 95 శాతానికి పైగా అంతకుముందు అలాంటి నేరానికి శిక్ష పడనివారు. అంటే నేరస్థుల రిజిస్టరు ఎంత పకడ్బందీగా ఉన్నా, రేపు జరగబోయే నేరాల్లో ఇరవైకి పందొమ్మిది దాని కంట పడవు. మన దేశంలో 2018 సెప్టెంబరులో 4 లక్షలకు పైగా పేర్లతో జాతీయ లైంగిక నేరస్థుల డేటాబేస్ మొదలైంది. అది పోలీసులకే అందుబాటులో ఉండడం మంచిదే. దర్యాప్తుకు అది పనికొస్తుంది. నివారణ దాని చేతిలో లేదు.

కేసుల లెక్కలు కూడా ఇదే చెబుతాయి. జాతీయ నేర రికార్డుల బ్యూరో ప్రకారం 2022లో దేశంలో 31,516 అత్యాచార కేసులు నమోదయ్యాయి. ఏటా ఈ కేసుల్లో 90 శాతానికి పైగా నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే. విచారణ ముగిసిన కేసుల్లో శిక్ష పడుతున్నవి నాలుగింట ఒకటి కంటే కొంచెం ఎక్కువ. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో ఒక యువ పశువైద్యురాలి అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయినప్పుడు పూలు చల్లినవాళ్ళు ఉన్నారు. ఆ కాల్పులు చంపే ఉద్దేశంతోనే జరిగాయని సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ తరువాత తేల్చింది. ఆ ఘటన జరిగిన వారానికే ఆంధ్రప్రదేశ్ శాసనసభ 21 రోజుల్లో తీర్పు, మరణశిక్ష అంటూ దిశ బిల్లు ఆమోదించింది. దానికి రాష్ట్రపతి ఆమోదం దక్కలేదు. శిక్ష తీవ్రత పెంచడం మీద ఇంత రాజకీయ శక్తి ఖర్చయింది. శిక్ష పడుతుందన్న నమ్మకం పెంచడం మీద, మొదటి నేరమే జరగకుండా చూడడం మీద అందులో కొంతైనా పెట్టలేదు. తెలియనివాడు, రాత్రివేళ, ఊరి చివర అన్న బొమ్మ మన మనసులో బలంగా ఉంది. అది లెక్కల్లో అరుదుగా కనిపిస్తుంది.

చేయకముందే సాయం కోరేవారు

ఈ కోణంలో అత్యంత వివాదాస్పదమైన ప్రయత్నం జర్మనీలో జరుగుతోంది. బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రిలో 2005లో మొదలైన ఈ కార్యక్రమం, పిల్లల పట్ల లైంగిక ఆకర్షణ ఉన్న పెద్దవారిని స్వచ్ఛందంగా వచ్చి చికిత్స తీసుకోమని ప్రకటనలు ఇచ్చి పిలిచింది. చికిత్స ఉచితం, వివరాలు గోప్యం. గతంలో చేసినది పోలీసులకు చెప్పాల్సిన బాధ్యత అక్కడి చట్టంలో వైద్యుడికి లేదు. ఆ ఆకర్షణ ఉండడం వేరు, పిల్లలకు హాని చేయడం వేరు అన్నది దీని పునాది. పిల్లలపై అఘాయిత్యం చేసినవారిలో పెద్ద భాగానికి ఆ ప్రత్యేకమైన ఆకర్షణే ఉండదు. దొరికిన అవకాశం, దక్కే ఆధిపత్యం వారిని నడిపిస్తాయి. ఆ ఆకర్షణ ఉన్నవారిలో ఏనాడూ పిల్లల జోలికి పోనివారూ ఉన్నారు. 2015లో వచ్చిన తొలి ఫలితాల్లో ప్రమాదకరమైన ఆలోచనలు కొంత తగ్గాయి. నేరాలు నిజంగా తగ్గాయని మాత్రం ఇంకా గట్టిగా రుజువు కాలేదు. పుణెలోని కేఈఎం ఆసుపత్రి షారిటేతో కలిసి మన దేశంలో ఇటువంటి కార్యక్రమం నడుపుతోంది.

మన చట్టంలో దీనికి ఒక ముడి ఉంది. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారెవరైనా పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష. పిల్లల కోసం ఈ నిబంధన ఉండాల్సిందే. దశాబ్దాలుగా ఇళ్ళలో, హాస్టళ్ళలో కప్పిపెట్టిన వ్యవహారాలకు అది అవసరమైన మందు. అయితే తన గురించి తాను భయపడుతూ డాక్టరు దగ్గరికి వెళ్ళాలనుకునే మనిషికి ఎక్కడిదాకా చెప్పవచ్చో ముందుగా తెలియాలి. పుణె వంటి చోట్ల ఆ గీత ఎక్కడుందో మొదటి మాటల్లోనే వివరించక తప్పదు.

శిక్ష పడినవారికి జైల్లో ఇచ్చే చికిత్స సంగతి వేరు, అక్కడ ఆశకు కళ్ళెం వేయాల్సిన అనుభవం ఉంది. ఇంగ్లండ్, వేల్స్ జైళ్ళలో పాతికేళ్ళ పాటు నడిచిన లైంగిక నేరస్థుల కార్యక్రమాన్ని 2017లో మదింపు చేస్తే, అందులో పాల్గొన్నవారిలో 10 శాతం, పాల్గొననివారిలో 8 శాతం మళ్ళీ లైంగిక నేరం చేశారు. దాన్ని ఆపేశారు. మంచి ఉద్దేశంతో చేసిందల్లా మంచి ఫలితం ఇవ్వదని తెలుసుకోగలిగారంటే, ఎవరో కూర్చుని లెక్క తీశారు కాబట్టే. ఇతర దేశాల్లో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూసినప్పుడు చికిత్సతో మళ్ళీ నేరం చేసేవారి శాతం 13.7 నుంచి 10.1కి తగ్గినట్టు మార్టిన్ ష్ముకర్, ఫ్రీడ్రిక్ లోసెల్ 2015లో చూపారు. చిన్న మేలే, అయినా మేలే.

బడిలో గీసిన పటం

మొదటి తప్పు ఇరవై ఏళ్ళ లోపే జరుగుతోందంటే పని మొదలుకావాల్సింది బడిలో. ఇందులో ఏది పని చేస్తుందన్నదానికి న్యూయార్క్ నగరంలోని బడుల్లో బ్రూస్ టేలర్, నాన్ స్టైన్ బృందం చేసిన ప్రయోగం నాకు అన్నిటికంటే ఆసక్తికరంగా కనిపిస్తుంది. ఆరు, ఏడు తరగతుల పిల్లలకు కొన్ని బడుల్లో పాఠాలు మాత్రమే చెప్పారు. కొన్ని బడుల్లో భవనం మీద పని చేశారు, కొన్నిట్లో రెండూ చేశారు. భవనం మీద పని అంటే, పిల్లలకు బడి పటం ఇచ్చి, మీకు ఎక్కడ భయం వేస్తుందో, ఎక్కడ నిశ్చింతగా ఉంటుందో రంగులు వేయమన్నారు. మెట్ల మలుపు, ఒక వరండా చివర, వ్యాయామశాల పక్క ఇలా ఎరుపెక్కిన చోట్ల ఉపాధ్యాయులు నిలబడేలా డ్యూటీలు మార్చారు. వేధించినవాడికి, ఆ విద్యార్థి దగ్గరికి ఇంత దూరంలోపు వెళ్ళకూడదన్న రాతపూర్వక ఆంక్ష పెట్టారు. ఉత్త పాఠాలు చెప్పిన బడుల్లో పెద్ద మార్పు రాలేదు. పటం గీయించిన బడుల్లో లైంగిక వేధింపులు, హింస తగ్గాయి.

మన దేశంలోనూ ఆధారాలు ఉన్నాయి. హర్యానాలో 150 ప్రభుత్వ బడుల్లో ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలతో రెండున్నరేళ్ళ పాటు స్త్రీపురుష సమానత్వంపై చర్చలు నడిపిన కార్యక్రమం, ముగిసిన రెండేళ్ళ తరువాత కూడా అబ్బాయిల అభిప్రాయాల్లో మార్పు నిలిచిందని 2022లో వెలువడిన అధ్యయనం చూపింది. ముంబయిలో క్రికెట్ కోచ్‌ల ద్వారా అబ్బాయిలతో మాట్లాడించిన ప్రయత్నంలో ఆలోచనలు కొంత మారాయి, ప్రవర్తన మారిందని గట్టిగా తేలలేదు. అభిప్రాయం మారడానికీ చెయ్యి ఆగడానికీ మధ్య దూరం ఉంది. ఆ దూరాన్ని కొలవని కార్యక్రమాలే మన దగ్గర ఎక్కువ. బడుల్లో గుడ్ టచ్, బ్యాడ్ టచ్ పాఠం ఇప్పుడు చాలాచోట్ల చెబుతున్నారు. పిల్లలు నోరు విప్పడానికి అది పనికొస్తుంది, చెప్పాల్సిందే. కానీ ఆరేళ్ళ పాపకు అరుపు నేర్పి, పదహారేళ్ళ అబ్బాయికి ఏమీ నేర్పకపోవడంలో బరువు ఎవరి నెత్తిన పెడుతున్నామో తెలుస్తూనే ఉంది. 2007లో బడుల్లో లైంగిక విద్య చెప్పే కౌమార విద్య కార్యక్రమాన్ని మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్ వంటి రాష్ట్రాలు సంస్కృతి పేరుతో ఆపేశాయి. ఆ ఏడాదే కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడి వెలువరించిన అధ్యయనంలో 53 శాతం మంది ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు చెప్పారు. చెప్పినవారిలో సగానికి పైగా అబ్బాయిలు. ఎక్కువ శాతం నమోదైన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. వేధించినవారిలో సగం మంది ఆ పిల్లలు నమ్మినవారే.

తెలంగాణలో షీ టీమ్స్ 2014 అక్టోబరులో మొదలైనప్పటి నుంచి మఫ్టీలో బస్టాపుల్లో, కాలేజీల దగ్గర వేధించేవాళ్ళను పట్టుకుని, మైనర్లయితే తల్లిదండ్రులను పిలిపించి కౌన్సెలింగ్ చేస్తున్నాయి. వీడియోలో తన కొడుకు చేసింది చూసిన తండ్రి ముఖం ఏ ఉపన్యాసం కంటే ఎక్కువ పని చేస్తుందని పోలీసులు అనుకోవచ్చు, అందులో నిజం ఉండవచ్చు కూడా. అయితే ఆ అబ్బాయిల్లో ఎంతమంది రెండేళ్ళ తరువాత మళ్ళీ అదే పని చేశారో చూసినప్పుడే అది నివారణ అని చెప్పగలం. చిన్న వయసులో పట్టుబడినవారు మారరన్న భయం అనవసరం. మైకేల్ కాల్డ్‌వెల్ 2016లో అనేక అధ్యయనాలను కలిపి చూస్తే, లైంగిక నేరం చేసిన మైనర్లలో మళ్ళీ అలాంటి నేరంతో పట్టుబడినవారు 5 శాతం లోపే. 2022 మే నెలలో హైదరాబాద్ జూబ్లీహిల్స్ సామూహిక అత్యాచార కేసులో నిందితులైన ఆరుగురిలో ఐదుగురు మైనర్లని తెలిసినప్పుడు, వారిని పెద్దవారిగా విచారించాలా వద్దా అన్నదాని చుట్టూనే మాట్లాడుకున్నాం. 

ఈ దృష్టికి కనిపించని చోటు

ప్రజారోగ్య వాదనలో నాకు నచ్చని భాగం ఒకటుంది. అది సర్వేలకు అందే మనిషిని బాగా చూస్తుంది, అధికారాన్ని సరిగా చూడదు. 2007 ఆగస్టు 20న విశాఖ ఏజెన్సీలోని వాకపల్లిలో 11 మంది కోందు ఆదివాసీ మహిళలు గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని ఫిర్యాదు చేశారు. పదహారేళ్ళ తరువాత, 2023 ఏప్రిల్‌లో, విశాఖపట్నంలోని ప్రత్యేక కోర్టు విచారణ ఎదుర్కొన్న 13 మందినీ నిర్దోషులుగా వదిలేసింది. అదే తీర్పులో, దర్యాప్తు అధికారుల వైఫల్యాన్ని ఎత్తిచూపి, ఆ మహిళలకు పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. ఇటువంటి ఆరోపణ ముందు బాల్యంలో పడ్డ గాయాలు, తోటివారి ప్రభావం, మద్యం వంటి ప్రమాద కారకాల పట్టిక వల్ల మనకు తెలిసేది ఏమీ లేదు. దళితవాడలో జరిగే దాడికి, యజమాని తోటలో కూలికి జరిగే దాడికి కూడా ఇదే వర్తిస్తుంది. ఏమీ కాదన్న ధీమాను సర్వే ఒక మనిషి మనసులో వెతుకుతుంది. కులం, యూనిఫాం, భూమి ఇచ్చే ధీమా వ్యవస్థలో ఉంటుంది, దాన్ని తగ్గించే మందు స్వతంత్ర దర్యాప్తు, నిలబడే సాక్ష్యం, సమయానికి విచారణ. ప్రజారోగ్యం పేరు చెప్పి ఎవరైనా చట్టాన్ని పక్కన పెట్టమంటే అనుమానించాల్సింది ఇందుకే.

అయినా రోజువారీగా జరిగేదాంట్లో ఎక్కువ భాగం ఇళ్ళలోనే, తెలిసినవారి మధ్యే జరుగుతోంది కనుక, అక్కడ ఇప్పుడు ఏముందో చూడాలి. పద్నాలుగేళ్ళ కొడుకు ఏడేళ్ళ మేనకోడలితో చేయకూడని పని చేశాడని ఒక తల్లికి తెలిసిందనుకుందాం. పరువు పోతుందని ఆ పిల్లను వాళ్ళింటికి పంపేసి నోరు మూసుకోవడం ఒక దారి, పాపకు అది మరో దెబ్బ. రెండోది పోక్సో కేసు, చట్టం చెప్పేది అదే. ఆ కేసు జువనైల్ జస్టిస్ బోర్డు ముందుకు వస్తుంది. 2015 నాటి జువనైల్ జస్టిస్ చట్టం 18వ సెక్షన్ అబ్బాయిని మందలించి ఇంటికి పంపడానికి, అతనికీ తల్లిదండ్రులకూ కౌన్సెలింగ్ ఇప్పించడానికి, బృంద కౌన్సెలింగ్‌కు పంపడానికి బోర్డుకు అధికారం ఇచ్చింది. అంటే దారి చట్టంలోనే ఉంది. ఆ కౌన్సెలింగ్‌లో ఏం చెప్పాలి, ఎన్ని నెలలు, పాప క్షేమం ఎవరు చూడాలి, అబ్బాయి మళ్ళీ ఆ ఇంట్లో ఎప్పుడు ఒంటరిగా ఉండవచ్చు అన్నవి ఆ సెక్షన్‌లో లేవు. అమెరికాలో ఇటువంటి అబ్బాయిల ఇళ్ళకే వెళ్ళి తల్లిదండ్రులతో కలిసి నెలల తరబడి పని చేసే కుటుంబ చికిత్సను 48 మందితో పరీక్షిస్తే, దాదాపు తొమ్మిదేళ్ళలో మళ్ళీ లైంగిక నేరం చేసినవారు 8 శాతం. మామూలు సేవలు పొందిన బృందంలో అది 46 శాతం. చిన్న అధ్యయనం కనుక జాగ్రత్తగా తీసుకోవాలి.

మన దగ్గర దీనికి కావలసిన అస్థిపంజరం కొంత ఉంది. 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం తన ఆరు ప్రాధాన్యాల్లో గాయాలు, హింసను ఒకటిగా చేర్చి, అందులో లింగ ఆధారిత హింసనూ పేర్కొంది. కౌమారుల కోసం ప్రభుత్వ ఆసుపత్రుల్లో క్లినిక్‌లు పెట్టించింది. 2020 నుంచి పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలో బడికి ఇద్దరు ఉపాధ్యాయులను ఆరోగ్య రాయబారులుగా ఎంపిక చేసి, లింగ సమానత్వం, హింస నుంచి భద్రత అన్న అంశాలను కూడా చెప్పిస్తున్నారు. బోర్డు పంపిన అబ్బాయిని ఆ క్లినిక్‌లోని కౌన్సెలర్ చూడాలా, స్త్రీ శిశు సంక్షేమ శాఖ చూడాలా, లేక మళ్ళీ పోలీసుల దగ్గరికే పంపాలా అన్నది తేల్చి, ఆ పనికి ఒక మనిషిని, ఆ మనిషికి శిక్షణను, రెండేళ్ళ తరువాత వెనక్కి వెళ్ళి చూసే ఒక రిజిస్టరును ఏర్పాటు చేయడం ఏ రాష్ట్ర ప్రభుత్వమైనా కొత్త చట్టం లేకుండానే చేయగల పని.